బొమ్మ వేసే చెయ్యి, పాఠం చెప్పే చెయ్యి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చిత్రకారుల గురించి వచ్చిన వ్యాసం చదివాక రెండు రోజులు ఊరుకుందామనే చూశాను, కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం. ఆ రచయిత చెప్పిందేమిటంటే, బొమ్మలు వేసేవాడు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజునే వాడిలోని కళాకారుడు సగం చచ్చిపోతాడట, కాబట్టి బొమ్మ మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు తలుపేసుకుని స్టూడియోలో కూర్చోవాలట, సంఘాలనీ గుంపులనీ తిరగకూడదట. పాఠాలు చెప్పేవాళ్ళంతా బొమ్మలు అమ్ముడుపోనివాళ్ళే అన్నట్టు ఒక వాక్యం కూడా ఉంది. నేను పద్నాలుగేళ్ళుగా పొద్దున బొమ్మలు వేసుకుంటూ, సాయంత్రం డ్రాయింగ్ క్లాసులు చెప్పుకుంటూ, వారానికో రోజు కొందరితో కలిసి గీసుకుంటూ బతుకుతున్నదాన్ని. నా బొమ్మలు కొన్ని అమ్ముడుపోయాయి, చాలా పోలేదు, ఆ సంగతి అలా ఉంచండి. నాకు ఎక్కువ కోపం ఎందుకొచ్చిందంటే ఆ వ్యాసంలో సగం నిజం ఉంది. పాఠాలు చెబితే చెయ్యి చెడుతుంది, నా చెయ్యే చెడింది. కానీ ఎలా చెడుతుందో ఆయన రాయలేదు, పైగా బాగుపడే చోటు ఏదైతే ఉందో అక్కడికే వెళ్ళొద్దన్నారు.

ముందు టైమ్ సంగతి చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే కాబట్టి. క్లాసులు పెట్టుకుంటే బొమ్మకు టైమ్ ఎక్కడుంటుంది అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను, బొమ్మ సాగని రోజున నెపం క్లాసుల మీద వేసేదాన్ని, పిల్లలకు పేపర్లు కత్తిరించడం దగ్గర్నుంచి వాళ్ళ అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడటం దాకా అన్నీ నా బొమ్మను తినేస్తున్నాయని. ఒకసారి విసుగొచ్చి నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి, స్టూడియో, క్లాసు, మా గుంపు, దేనికెన్ని గంటలు పోతున్నాయో ఆరు నెలలు రాశాను. తీరా చూస్తే, క్లాసులకు నెల రోజులు సెలవిచ్చి ఇక బొమ్మలే బొమ్మలు అనుకుని కూర్చున్న నెలలో స్టూడియో గడి అన్నిటికంటే తక్కువగా ఉంది. నమ్మలేక లెక్క రెండుసార్లు కూడి చూశాను. ఆ నెల ఏం చేశానంటే, రోజంతా ఉంది కదా అని పదింటికి మొదలుపెట్టి, కుంచెలు కడిగి, పాత కాన్వాసులు సర్ది, రిఫరెన్స్ కోసమని ఫోన్ తీసి, మధ్యాహ్నం అయ్యేసరికి రేపు చూద్దాంలే అనుకునేదాన్ని. సాయంత్రం ఐదింటికి క్లాసు ఉన్న రోజున మాత్రం పొద్దున ఆరింటికే ఈజిల్ ముందు నిలబడేదాన్ని, గడువు ఉంది కాబట్టి.

ఇంకో విషయం, నేను వేసేది ఎక్కువగా ఆయిల్. ఆయిల్ రంగు నీళ్ళు ఆవిరైనట్టు ఆవిరైపోయి ఆరదు, అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. పొర పల్చగా ఉంటే రోజుల్లో, మందంగా ఉంటే వారాల్లో. కింది పొర కంటే పై పొరలో నూనె ఎక్కువుండాలి, లేదంటే కొన్నాళ్ళకు పైన బీటలు పడతాయి, అందుకని తొందరపడి ఒకదాని మీద ఒకటి పూసేయడానికి లేదు. ఆ ఆరే రోజుల్లో మనిషి ఏం చేయాలి? కాన్వాస్ వైపు చూస్తూ కూర్చుంటే చెయ్యి ఊరుకోదు, బాగున్నదాన్ని గెలికి పాడుచేస్తుంది. నేను క్లాసుల వల్ల పాడుచేసుకున్న బొమ్మల కంటే క్లాసు ఉండటం వల్ల గెలకకుండా బతికిపోయిన బొమ్మలే ఎక్కువ.

కాబట్టి గంటల దగ్గర నాకు పేచీ లేదు. ఇబ్బంది చెయ్యి దగ్గర మొదలవుతుంది.

క్లాసులో బోర్డు దగ్గరో, పిల్లల మధ్య కూర్చునో గీసి చూపిస్తాం కదా, డెమో అంటాం. ఇరవై మంది చూస్తుంటారు, పది నిమిషాల్లో అయిపోవాలి, తప్పు పోకూడదు, పోతే పరువు పోయినట్టుంటుంది. అందుకని ఏం చేస్తామంటే బాగా వచ్చినదాన్నే గీస్తాం. ఆపిల్ పండు, కూజా, కొంచెం పక్కకు తిప్పిన ముఖం. వందోసారి గీసేటప్పటికి ఆపిల్ వైపు చూడక్కర్లేదు, చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరిగి, తొడిమ దగ్గర చిన్న గుంట చేసి, కుడిపక్క నీడ వేసి వచ్చేస్తుంది. పిల్లలు అబ్బా అంటారు. ఆ అబ్బా చాలా ప్రమాదం సార్, నిజంగా. ఎందుకంటే మర్నాడు పొద్దున స్టూడియోలో అదే చెయ్యి కాన్వాస్ మీదికి వస్తుంది, అక్కడ కూడా తెలిసినదాన్నే గీస్తుంది. నేను పాఠాలు మొదలుపెట్టిన నాలుగో ఏడాదో ఐదో ఏడాదో, నా పాత బొమ్మలు వరసగా గోడకు ఆనించి చూసుకుంటే అందులో మనుషుల చేతులన్నీ ఒకే చెయ్యి. ముసలావిడదీ అదే చెయ్యి, చిన్నపిల్లదీ అదే చెయ్యి, నాలుగు వేళ్ళు కొంచెం వంగి, బొటనవేలు విడిగా, క్లాసులో చేతులు గీయడం ఎలా అని నేను నేర్పే చెయ్యి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కూడా, కొన్నవాళ్ళు చెప్పలేదు, మెచ్చుకున్నవాళ్ళు చెప్పలేదు.

మీ రచయిత దీన్నే కళాకారుడు సగం చచ్చిపోవడం అన్నారనుకుంటాను. ఒప్పుకుంటాను, రోగం ఇదే. కానీ దీనికి పాఠాలు మానేయమంటారా? క్లాసు గడప తొక్కకుండా ముప్పై ఏళ్ళు ఒకే ముఖం వేసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ చేతిని ఎవరు చెడగొట్టారు? అమ్ముడుపోయిన బొమ్మ చెడగొట్టింది. ఒకటి అమ్ముడుపోతే అలాంటిదే ఇంకోటి అడుగుతారు. అది డెమో కంటే చెడ్డ డెమో.

నాకు దారి చూపింది పదకొండేళ్ళ పిల్ల. ఒకరోజు క్లాసు అయ్యాక బ్యాగు సర్దుకుంటూ, "టీచర్, మీరెప్పుడైనా మీకు రానిది గీస్తారా?" అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అడిగింది, తనకు రానివి రోజూ గీయమంటాను కాబట్టి నాకూ అలాంటివి ఉంటాయా అని తెలుసుకుందామని. నేను ఏదో చెప్పి పంపించాను. వారం తర్వాత క్లాసుకు ఒక సైకిల్ లాక్కొచ్చి మధ్యలో తలకిందులుగా నిలబెట్టాను. సైకిల్ చాలా మాయదారి వస్తువు, రోజూ చూస్తాం, చూడకుండా గీయమంటే ఎవరికీ రాదు, చెయిన్ ముందు చక్రానికి వేస్తారు, ఫ్రేమ్ కడ్డీలు ఎక్కడ కలుస్తాయో గుర్తుండదు. నాకూ రాలేదు. ఇరవై మంది ముందు నేను గీసిన సైకిల్ ఎక్కితే పడిపోయేలా ఉంది. పిల్లలు విరగబడి నవ్వారు. తర్వాత వస్తువును వదిలేసి కడ్డీల మధ్య ఉన్న ఖాళీలను చూడండి, ఆ ఖాళీ మూడు మూలలుందా, నాలుగు మూలలుందా, ఎంత సన్నగా ఉంది, ఆ ఖాళీ ఆకారాలనే గీయండి అన్నాను, నేనూ వాళ్ళతో పాటు మళ్ళీ మొదలుపెట్టాను. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. సైకిల్ అనే మాట మర్చిపోతే తప్ప సైకిల్ రాదని అప్పటిదాకా నేను వందసార్లు చెప్పి ఉంటాను, ఆ రోజే వాళ్ళతో కలిసి చూశాను.

అప్పట్నుంచి నెలకు రెండు డెమోలు నాకు రానివే పెడుతున్నాను. నలిపి పడేసిన ప్లాస్టిక్ సంచి, గాజు గ్లాసులో నీళ్ళు, విప్పి పడేసిన చెప్పులు. ఒక పిల్లాడి తండ్రి వచ్చి "మీకే సరిగ్గా రాలేదని మావాడు చెప్పాడండీ" అని ఫీజు విషయం కొంచెం నసిగారు. ఆయన్ను తప్పుపట్టను, డబ్బు కట్టేది బొమ్మ వచ్చినవాళ్ళ దగ్గర నేర్పించడానికి కదా. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను, ఎంత అర్థమైందో తెలియదు కానీ పిల్లాడిని మానిపించలేదు.

పాఠం చెప్పడం వల్ల పోయేది ఎంతో లెక్క చెప్పాను, వచ్చేది కూడా చెప్పాలి. చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పాల్సి రావడం అనే శిక్ష మామూలు చిత్రకారుడికి ఉండదు. నీడ గీయమంటే గీస్తాం, ఎందుకక్కడ అంటే చెప్పలేం. ఒక కుర్రాడు గుండ్రటి కుండ గీసి నీడ పక్క అంచున మళ్ళీ తెల్లగా వదిలాడు. పక్క గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు అది, ఉంటుంది, చూడటం మంచిదే. కానీ వాడు దాన్ని దీపం వైపు ఉన్నంత తెల్లగా వదిలేశాడు, దాంతో కుండ కుండలా లేదు, రేకులా ఉంది. నేను వాడికి చెబుతున్నాను, చూడు, తిరిగొచ్చిన వెలుతురు ఎంతైనా నీడలోదే, వెలుగు పక్క ఉన్న అన్నిటికంటే చీకటిగానే ఉండాలి, కళ్ళు చికిలించి చూడు అని. చెబుతూ చెబుతూ నోరు మూసుకున్నాను. నేను ఏళ్ళ తరబడి వేసిన ముఖాల్లో దవడ కింద ఆ వెలుతురు అందంగా ఉంటుందని తెల్లగా వేసేస్తున్నాను, అందుకే ఆ ముఖాలు బరువు లేకుండా ఉన్నాయి. ఏం లోపమో తెలియక రంగులు మార్చేదాన్ని. వాడి కుండ దిద్దుతుంటే నా పద్నాలుగు బొమ్మల తప్పు దొరికింది.

తల గీసేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టాలి అంటే పెద్దవాళ్ళు కూడా పైకి పెడతారు. తల ఎత్తును సగానికి విడగొడితే కళ్ళు సుమారుగా ఆ సగం గీత మీద ఉంటాయి, అద్దంలో చూసుకుని కొలిచేదాకా ఎవరూ నమ్మరు. నుదురు మీద, తల మీద మనకు చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ చోటును మనసు కుదించేస్తుంది. ఇలాంటివి రోజూ చెబుతుంటే మన కన్ను ఎక్కడెక్కడ అబద్ధం చెబుతుందో ఒక జాబితా తయారవుతుంది, అది పొద్దున స్టూడియోకు పనికొస్తుంది.

పిల్లల గురించి ఒక్క మాట. ఆరేళ్ళ పిల్లలు భయం లేకుండా గీస్తారు. తొమ్మిది పది వచ్చేసరికి, తాము గీసింది నిజమైనదానిలా లేదని తెలిసిపోతుంది, అప్పుడు మొదలవుతుంది రబ్బరు. గీత గీయడం, చెరపడం, గీయడం, చెరపడం, చివరికి కాగితం నూగు లేచి చిరుగుతుంది. చాలామంది బొమ్మ మానేసేది ఆ వయసులోనే, జీవితాంతం నాకు గీత కూడా రాదండీ అని చెప్పుకు తిరిగేదీ అప్పట్నుంచే. నా క్లాసులో మొదటి ఇరవై నిమిషాలు రబ్బర్లన్నీ ఒక డబ్బాలో వేయాలి. తప్పు గీత ఉండనివ్వండి, దాని పక్కన ఇంకోటి గీయండి, ముందు గీత ఉంటేనే కదా రెండోది ఎంత జరపాలో తెలిసేది. పెద్దవాళ్ళ బ్యాచ్‌లో రబ్బరు డబ్బాలో వేయించడానికి పిల్లల కంటే ఎక్కువ కష్టపడాలి, ఒకాయన జేబులో ఇంకోటి దాచుకొస్తారు. ఇంకో పద్ధతి ఉంది, విద్యార్థి కాగితం మీద నేను చచ్చినా గీయను. పక్కన వేరే కాగితం పెట్టి చూపిస్తాను. నా చిన్నప్పుడు మాకు నేర్పిన మాస్టారు ఒకాయన మా బొమ్మ మీదే నాలుగు గీతలు లాగి బ్రహ్మాండంగా చేసేసేవారు, ఇంటికి పట్టుకెళితే అందరూ మెచ్చుకునేవారు, నాకు మాత్రం అది నాది కాదని తెలుసు కాబట్టి దాచేసుకునేదాన్ని.

మీ వ్యాసంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ పేరు తెచ్చారు కాబట్టి దాని గురించి. నిజమే, మాటిస్ 1908లో పారిస్‌లో బడి తెరిచి 1911కల్లా వదిలేశాడు, సొంత పనికి అడ్డమవుతోందనే వదిలేశాడు. ఆయనకు అది సరిపోయింది. కానీ ఒక్క మాటిస్‌ను పట్టుకుని అందరికీ సూత్రం కడితే ఎలా? పాల్ క్లే అనే చిత్రకారుడు 1921 నుంచి పదేళ్ళు జర్మనీలో బౌహౌస్ అనే కళాశాలలో, ఆ తర్వాత 1933లో నాజీలు తీసేసేదాకా డ్యుసెల్‌డార్ఫ్ అకాడమీలో పాఠాలు చెప్పాడు, ఆ పాఠాల కోసం రాసుకున్న నోట్సు వేల పేజీలుంది, గీత అంటే ఏమిటి, చుక్క కదిలితే ఏమవుతుంది అని మొదటినుంచి ఆలోచించుకోవాల్సి వచ్చింది విద్యార్థులకు చెప్పాలి కాబట్టే. ఉద్యోగం పోయాక స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు, ఇక పాఠాల్లేవు, కావలసినంత టైమ్. 1936లో ఆయన వేసినవి 25. 1939లో వేసినవి 1200 పైచిలుకు. రెండేళ్ళూ క్లాసు లేని ఏళ్ళే. మధ్యలో తేడా ఏమిటంటే జబ్బు, ఒంటిని బిగించేసే జబ్బు, మొదట మంచాన పడేసింది, తర్వాత ఇక ఎక్కువ రోజుల్లేవని తెలిసినట్టు వేసుకుంటూ పోయాడు, 1940లో చనిపోయాడు. బొమ్మలు ఎన్ని వస్తాయన్నది క్లాసులున్నాయా లేవా అన్నదాన్ని బట్టే తేలేట్టయితే ఈ లెక్క ఇలా ఉండదు. మనవాళ్ళలో దామెర్ల రామారావు గారు 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్ళు కూడా నిండలేదు, అంత చిన్న జీవితంలోనే బొమ్మలు వేశారు, రాజమహేంద్రవరంలో బడి పెట్టి కుర్రవాళ్ళకు నేర్పారు, తన చుట్టూ చిత్రకారులను చేర్చుకున్నారు. ఆయన పోయాక ఆ బడిని వరదా వెంకటరత్నం గారు నడిపారు. తలుపేసుకుని కూర్చుని ఉంటే ఇంకో నాలుగు బొమ్మలు వచ్చేవేమో, ఆయన తర్వాత అన్నేళ్ళు నడిచిన బడి మాత్రం ఉండేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి, మీ రచయిత వెళ్ళొద్దన్న గుంపు. మేం ఏడుగురం. బోర్డులు రాసే ఆయన ఒకరు, యానిమేషన్‌లో పనిచేసే అబ్బాయి, గోడల మీద పెద్ద బొమ్మలు వేసే అమ్మాయి, రిటైరయ్యాక కుంచె పట్టిన పెద్దాయన, ఇలా. వారానికో సాయంత్రం కలుస్తాం, మాలో ఒకరు కూర్చుంటారు, మిగతావాళ్ళం గీస్తాం. కూర్చునేవాళ్ళు మారుతుంటారు. మొదట అర నిమిషం పోజులు పది, తర్వాత రెండు నిమిషాలవి, చివర్న ఇరవై నిమిషాలది ఒకటి. అర నిమిషంలో ముక్కూ చెవీ గీసే టైమ్ ఉండదు, ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది, వెన్ను ఎటు వంగింది, అంతే. డెమో చెయ్యి అక్కడ పనికిరాదు, అది తెలివితేటలు చూపించే లోపల పోజు మారిపోతుంది. టీచరు లేరు. అది మా మొదటి రూలు, నేను అలవాటు చొప్పున పక్కవాళ్ళ కాగితం వైపు వంగి "ఇక్కడ భుజం చూడండి" అంటే "మేడమ్ గారూ, బెల్లు కొట్టేశారు" అంటారు.

ఇలాంటి చోటు కొత్తదేం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో అకాడమీ స్విస్ అని ఒకటుండేది, పేరుకు అకాడమీ, పాఠాల్లేవు, పరీక్షల్లేవు, దిద్దేవాళ్ళు లేరు, మోడల్ ఉంటాడు, కొద్దిపాటి డబ్బు కట్టి ఎవరైనా వచ్చి గీసుకోవచ్చు. చిత్రకారుడు పిస్సారోకు మోనేతో, సెజాన్‌తో పరిచయం కలిసింది అక్కడే. తర్వాత 1870ల్లో సెజాన్ వెళ్ళి పిస్సారో పక్కన ఈజిల్ వేసుకుని అవే కొండలూ అవే ఇళ్ళూ వేశాడు, పిస్సారో బొమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని నకలు వేశాడు. అంత మొండి మనిషి, ఒంటరితనానికి పేరుపడ్డ మనిషి, ఇంకొకరి పక్కన నిలబడి చూడటం ఎలాగో నేర్చుకున్నాడు. ఆ నకలు వేసిన రోజుల్లో సెజాన్‌ను ఎవరైనా చూసి ఉంటే ఇతను టైమ్ వేస్టు చేసుకుంటున్నాడనే అనుకుని ఉంటారు.

గీయడం అయ్యాక కాగితాలన్నీ నేల మీద పరుస్తాం. బాగుంది అనే మాట అనకూడదు, బాగాలేదు అని కూడా. కన్ను ఎక్కడ ఆగింది, ఎక్కడ జారిపోయింది, అది చెప్పాలి. అలాంటి ఒక సాయంత్రం బోర్డులు రాసే ఆయన నా ఇరవై నిమిషాల బొమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, "ఇక్కడిదాకా మీరు చూస్తూ గీశారమ్మా, ఇక్కణ్ణుంచి క్లాసు చెప్పారు" అని మోచేతి దగ్గర వేలు పెట్టారు. సరిగ్గా మోచేతి దగ్గరే. అక్కడ నాకు విసుగొచ్చింది, టైమ్ అయిపోతోంది, కింది చెయ్యి మాత్రం అలవాటు మీద వేసేశాను. ఇందాక చెప్పాను కదా, గోడకు ఆనించిన బొమ్మల్లో అన్నీ ఒకే చెయ్యి అని. ఈయన అలా వేలు పెట్టాకే ఇంటికొచ్చి వాటిని గోడకు ఆనించి చూసుకున్నాను. ఆయన ఆ మాట అనకపోతే ఇప్పటికీ అదే చెయ్యి వేస్తుండేదాన్ని, సైకిల్ క్లాసు కూడా ఉండేది కాదేమో, ఆ పిల్ల అడిగిన ప్రశ్న నవ్వుకుని మర్చిపోయేదాన్ని.

గుంపు అంటే అంతా పాలూ నీళ్ళూ అని చెప్పను. మాకు గొడవలున్నాయి. ఒకసారి కలిసి ఎగ్జిబిషన్ పెట్టాం, ఎవరి బొమ్మ గుమ్మం ఎదురుగా పెట్టాలనే దగ్గర ఇద్దరు మూడు నెలలు మాట్లాడుకోలేదు. ఒకరి బొమ్మలే అమ్ముడుపోయాయి, మిగతావాళ్ళం కంగ్రాట్స్ చెప్పి ఇళ్ళకెళ్ళి ఏడ్చాం, నేనైతే ఏడ్చాను. వాట్సాప్ గ్రూపు గుడ్ మార్నింగులతో నిండిపోతే రెండోసారి కొత్తది పెట్టాల్సి వచ్చింది. అయినా ఒకరికి వచ్చిన పని వాళ్ళు చేయలేకపోతే ఇంకొకరికి చెప్పడం, మిగిలిన ఫ్రేములు పంచుకోవడం, ఫోటో చూసి పోర్ట్రెయిట్ వేసివ్వమని అడిగి ఆఖర్న పేరొస్తుంది కదా ఫ్రీగా ఇవ్వండి అనేవాళ్ళ గురించి ముందే హెచ్చరించుకోవడం, ఇవన్నీ తలుపేసుకున్న స్టూడియోలో దొరకవు.

డబ్బు గురించి కూడా సిగ్గుపడకుండా చెబుతాను, ఎందుకంటే మీ వ్యాసం దాన్ని అవమానంలా రాసింది. నా గది అద్దె, రంగులు, కాన్వాసులు క్లాసు ఫీజుల మీదే నడుస్తాయి. దానివల్ల నేను వేసే బొమ్మ అమ్ముడుపోయి తీరాలన్న టెన్షన్ నాకు లేదు. నచ్చకపోతే గీకేసి మళ్ళీ వేస్తాను. రెండేళ్ళుగా ఒకే కిటికీ వేస్తున్నాను, ఎవరూ కొనరు, నాకు ఇంకా కుదరలేదు. పూర్తిగా బొమ్మల మీదే బతికే నా స్నేహితురాలికి ఆ వీలు లేదు, ఏది పోతుందో అదే వేస్తుంది. ఆమె నన్ను చూసి నీకేం హాయి అంటుంది, నేను ఆమెను చూసి అదే అంటాను.

ఎడిటర్ గారూ, ఉత్తరం పొడవైపోయింది, అడగాలనుకున్నవి అడిగేసి ఆపుతాను. మీ పత్రికలో కథలకు వేసే బొమ్మ కింద వేసినవాళ్ళ పేరు కొన్ని వారాలు ఉంటోంది, కొన్ని వారాలు ఉండటం లేదు, దయచేసి ప్రతిసారీ వేయండి. చిత్రకారుల గురించి రాసేటప్పుడు "ఖాళీ సమయంలో బొమ్మలు వేస్తూ" అనే మాట తీసేయండి, నా నోట్‌బుక్ చూపిస్తాను, అందులో ఖాళీ సమయం అనే గడి లేదు. చిన్నారి ఐదు నిమిషాల్లో బొమ్మ గీసి అబ్బురపరిచింది అని వార్తలు వేస్తుంటారు, అవి చదివిన మర్నాడు మా క్లాసులో పిల్లలంతా వాచీ చూసుకుంటూ గీస్తారు, ఒక పిల్ల ఒకే ఆకు రెండు గంటలు చూసి గీసింది అని ఎప్పుడైనా వేయండి, నేనే పంపిస్తాను ఫోటో. ఎగ్జిబిషన్ల వార్త ఆఖరి రోజున కాకుండా మొదటి రోజున వేస్తే నలుగురు వచ్చి చూస్తారు. మీ రచయితను మా సాయంత్రానికి రమ్మనండి, పెన్సిల్ మేమిస్తాం, రబ్బరు ఇవ్వం.

ఇది రాయడానికి ఇవాళ పొద్దున స్టూడియో టైమ్ మొత్తం పోయింది. కిటికీ కాన్వాస్ అలాగే ఉంది, నిన్న వేసిన పొర ఎలాగూ ఇంకా తడిగానే ఉందనుకోండి. రెండున్నర గంటలు నోట్‌బుక్‌లో రాద్దామని తీశాను, ఏ గడిలో వేయాలో తెలియలేదు. చివరికి మూడు గడులకూ అడ్డంగా రాసేశాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచరు
(పేరు వేయకండి, పిల్లల తల్లిదండ్రులు సైకిల్ సంగతి మళ్ళీ అడుగుతారు)